మాటల భరిణె : కులుకు

సత్తెనపల్లినుండి మా చందాదారులగు నొక సోదరీమణి దీర్ఘమైన లేఖ వ్రాసియున్నారు. అందలి ముఖ్యాంశమిది. ఆమె కుమార్తెకు పదునొకండేండ్లు. పాఠశాల వార్షికోత్సవమునకై ఉపాధ్యాయిని నాట్యము నేర్పుచుండగా, ఆ బాలిక సాయంకాలమున ఇంట నద్దము ముందు నిలిచి తాను నేర్చినదానిని సాధన చేసికొనుచుండెనట. నాయనమ్మగారు వాకిట బియ్యము చెఱుగుచు తలయెత్తి చూచి, "ఏమిటే ఆ కులుకు? ఇది సంసారుల ఇల్లు!" అని కసరినారట. పిల్ల మాటాడక గజ్జెలు విప్పి పెట్టెలో దాచి, నాటినుండి నాట్యపు ఊసే ఎత్తుట లేదట. "మా అత్తగారు చెడ్డవారు కారు, మనుమరాలన్న ప్రాణము. ఆమె యన్నది ఒక్క మాట. ఆ మాటకు నిజమైన యర్థమేమి? అది తిట్టా, మెప్పా?" అని సోదరి యడుగుచున్నారు.

ఒక్క మాటయే. కాని యా ఒక్క మాట పిల్ల కాళ్ల గజ్జెలను విప్పించినది గావున దానిని భరిణెనుండి తీసి వెలుతురున చూడవలసినదే. ఈ నెల తక్కిన ప్రశ్నల నన్నింటిని ప్రక్కకు పెట్టితిమి.

మొదట దాని చుట్టములను చూతము. మన పొరుగు భాషలలో నీ మాటకు తోబుట్టువులు గలవు. కన్నడమున 'కై కులుకు' అనగా ఒకరి చేయి యొకరు పట్టి యూపి పలుకరించుకొనుట. తమిళులును 'కై కులుక్కు' అందురు. మలయాళమున 'భూమికులుక్కం' అనగా భూకంపము! ఆ కేరళముననే వీధి యంగళ్లలో నిమ్మరసమును సబ్జాగింజలను గాజుపాత్రలో పోసి, మూతవేసి, తలక్రిందులుగా గిలకొట్టి యిచ్చు పానీయమొకటి గలదు. దాని పేరు 'కులుక్కి సర్బత్తు'. ఇన్ని భాషలలోను కులుకుట యనగా అదరుట, ఊగుట, కుదుపుట. అందు వగయు లేదు, సింగారమును లేదు. భూమి కులికినచో కొంపలు కూలును గాని యెవ్వరును దానిని ఒయ్యారియని పిలువరు. తమిళులు మనవలెనే 'కులుక్కి నడచుట' యని వగలాడి నడకను జెప్పుదురు. కాని వారికి మొదటి యర్థమును చేతనే యున్నది. మనకో, అది దాదాపుగా జారిపోయినది. తెలుగువారము భూకంపమును, నిమ్మరసమును, కరచాలనమును వేఱు మాటలకు అప్పగించి, కులుకును సొగసునకు మాత్రమే కేటాయించితిమి. నిఘంటువులు తెఱచి చూచినను విలాసము, ఒయ్యారము, వగ యను మాటలే దానికి అర్థములుగ గన్పట్టును.

ఊగుటనుండి ఒయ్యారమునకు మాట యెట్లు నడచినదో తెలియవలెనన్నచో పల్నాటివారు దూరము పోనక్కఱలేదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు వచ్చుట చూచిన చాలును. వెదుళ్లతో తాటిచెట్టును మించు నెత్తున కట్టి, రంగు గుడ్డలతోను, కాగితపు పూలతోను, దీపములతోను అలంకరించిన ప్రభ, బండిపై నిలిచి, గతుకులబాటలో ఒకప్రక్కకు వ్రాలి, మరల తేఱుకొని, రెండవప్రక్కకు వ్రాలి వచ్చును. క్రింద త్రాళ్లు పట్టిన వారికది ప్రాణసంకటము. అది వారికి వట్టి ఊగుట. దూరమున గట్టుపై నిలిచి చూచువారికో, అది కులుకు. ఒకే కదలిక. చూచు కన్ను మాఱినది, అంతియే.

తెలుగున నిట్టి కదలికల మాటల గుంపొకటి గలదు. తొణుకు, ఒలుకు, వణుకు, ఉలుకు, బెణుకు, తళుకు, బెళుకు, కులుకు. చెవి యొగ్గి వినుడు. అన్నింటను ఏదో చిన్న కదలిక, తటాలున పుట్టి తటాలున నణగునది, గలదు. నీరు అంచుదాక వచ్చినచో తొణుకు, అంచు దాటినచో ఒలుకు. చలికిగాని భయమునకుగాని వణుకు. నిద్రలో నున్న పసివాడు చప్పుడునకు ఉలికిపడును. వెలుగు కదలినచో తళుకు. వీనిలో నొక్కటియు మన యిష్టమున జరుగునది కాదు. నిండుకుండ తొణకదని సామెత గలదు గాని, తొణకవలెనని యే కుండయు కోరదు. కులుకు ఒక్కటియే వేఱు. అది తెలిసి జరుగును. ఎవరో చూచుచున్నారని యెఱిగినది, చూడవలెనని కోరినది; ఎవరును లేకున్నచో అద్దమైన నుండవలెను. ఈ యెఱుక యందే దాని యందమును, దాని యపకీర్తియు రెండును గలవు.

దీనికి ఇరుగుపొరుగు మాటలును గలవు, వానితో కలిపి కొందఱు పొరపడుదురు. మురియుట మనస్సుది, కొడుకు ఉత్తరము చదువుకొని తల్లి మూలగదిలో కూర్చుండియే మురియవచ్చును. మిడిసిపాటు, విఱ్ఱవీగుట గర్వమువి; అందు సొగసు లేదు. చిందులు త్రొక్కుట సంతోషమునకును గలదు, కోపమునకును గలదు. కేరింతలు పసిపిల్లలవి. ఒయ్యారములు, వగలు, గారములు, ఇవి 'పోవు' నను క్రియ తోడు లేక నడువలేవు. వగలు పోవును, గారములు పోవును, ఒయ్యారములు పోవును; ఎక్కడికి పోవునో మాకు తెలియదు! కులుకునకు ఆ సాయమక్కఱలేదు. అది తానే నామము, తానే క్రియ.

ఇక సోదరి యడిగిన తిట్టు, మెప్పుల సంగతి. వ్యాకరణము చదివిన మా పాఠకురాండ్రకు మూడు పురుషలు తెలియును గదా. ప్రథమపురుషయందు ఈ క్రియను ప్రయోగించి చూడుడు: "పెండ్లికూతురు కులుకుచు వచ్చినది." ఇది మెప్పు. మధ్యమపురుషయందు: "ఏమి కులుకుచున్నావు?" ఇది తిట్టు, ముద్దు సేయు తల్లి నోట తప్ప మఱెవ్వరి నోట విన్నను తిట్టే. ఉత్తమపురుషయందో, "నేను కులుకుచున్నాను" అని సంసారమున మాటాడు స్త్రీని మేమెన్నడును వినలేదు. పాటలలో మాత్రమే నాయిక అట్లనును. అనగా, ఆడుదాని కులుకు ఇతరులు ఇతరులకు చెప్పుకొనునప్పుడు అందము. ఆమె మొగమునకే చెప్పునప్పుడు నింద. ఆమె తాను చెప్పుకొనుటకు భాషయే లేదు. మాటయొక్క యర్థము నిఘంటువున నుండునని తలచు వారికి మేము జూపదగినది ఈ చిన్న పట్టికయే.

మగవానికి ఈ క్రియను వాడుదురా యని యడుగవచ్చును. సృష్టిలో నసలు కులుకు మగవానిదే! పురివిప్పి యాడునది మగనెమలి. ఆడునెమలి ముదుక రంగు చీర కట్టిన పనిమంతురాలివలె గింజలేఱుకొనుచు, ఓరకంట చూచి తన దారిని పోవును. కోడిపుంజు మెడ నిక్కించి, ఈకలు విదిలించి పెరడంతయు తిరుగుచుండ, పెట్ట పొదుగుటకు గంప వెదకుకొనును. పల్నాటివారికి కోడిపుంజు బడాయి యెంతవరకు పోవునో వేఱుగ చెప్పనేల? నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరున ఓడి, మాచెర్లవారు ఏడేండ్లు వనవాసము చేసిరనియు, ఆ పగ కారెంపూడి రణమున ముగిసెననియు పల్నాటి వీరగాథ చెప్పును. ఇన్నియు చేసిన పుంజును మన వాడుక 'పౌరుషము గలది' యన్నది గాని కులుకుచున్నదని తిట్టలేదు.

మనుష్యులలో మగవాని కులుకును తెలుగుదేశము నెత్తిన పెట్టుకొన్నది. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు రంగస్థలముపై సత్యభామగ, చిత్రాంగిగ, రోషనారగ, మధురవాణిగ నటించి, గృహిణులే తమ నడకను వారి నడకతో పోల్చుకొని చూచుకొనునంత పేరు గొన్నారు. 1956లో పద్మశ్రీ నందుకొన్నారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారు భామాకలాపమున తెఱపైనుండి జడ వేసి, తెఱ తొలగి రెండడుగులు వేసినంతనే సభ ఊపిరి బిగబట్టెడిదని చూచిన పెద్దలు చెప్పుదురు. వారికిని 1970లో పద్మశ్రీ వచ్చినది. ఈ యిరువురి విద్యయు మహావిద్య. దానిని తక్కువచేయుట మా యుద్దేశము గాదు. అయితే, కూచిపూడియందు తరతరములు పురుషులే స్త్రీవేషములు కట్టిరి. మగవాడు నేర్చి చూపినచో కళ యైనది, ఆడుపిల్ల అద్దము ముందు చూపినచో "ఇది సంసారుల ఇల్లు" అయినది. ఇది మాకు సమంజసముగ తోపదు.

కాని నాయనమ్మగారి పక్షమునను చెప్పవలసినది గలదు. వట్టి మూఢత్వమని త్రోసివేయుట న్యాయము గాదు. ఆమె బాల్యమునాటి పెద్దల నోట నానిన మాట యది. ఆ పెద్దలు పెండ్లిండ్లలో మేజువాణీలు చూచిన తరమువారు. నాడు స్త్రీలలో సభయందు నాట్యమాడినవారు ముఖ్యముగ కలావంతులు. భామాకలాపమును, పదములను, జావళులను కాపాడిన వారిలో ఆ స్త్రీలును గలరు; కాని సంఘము వారి విద్యను కోరి, వారి బ్రదుకును హేయముగ నెంచినది. వీరేశలింగముగారి కాలమునుండియు సంస్కర్తలు మేజువాణీలను ఖండించిరి. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీలను సమర్పించుటను నిషేధించు చట్టము వచ్చినది. ఆలయములలో వారి నాట్యమును దానితో నిలిచిపోయినది. గుంటూరు జిల్లా యంతయు నాడు ఆ రాష్ట్రముననే యున్నది గదా. బాలికలను ఆ దుర్దశనుండి తప్పించుట మేలే. కాని ఆ స్త్రీలపై బడిన నింద మాత్రము చట్టముతో పోక, వారి నడకను జెప్పు మాటలపై నంటుకొని మిగిలినది. కులుకు, వగ, సాని యను మాటలు అప్పటినుండి యింటిలో గొంతు తగ్గించి పలుకవలసిన మాటలైనవి. సత్తెనపల్లిలోని యా ముసలమ్మ మనుమరాలిని తిట్టలేదు, భయపడినది. తన తల్లి తనకు నేర్పిన భయమది.

ఆ తరువాత కాలము మాఱినది. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి వేలకొలది బాలికలకు విద్య గఱపినారు. నేడు ఊరూర పిల్లలు గజ్జెలు కట్టుచున్నారు. నాట్యమునకు గౌరవము వచ్చినది. మాటకు మాత్రము రాలేదు.

రాకపోగా, మఱింత దిగజాఱినది. నేటి వార్తాపత్రికలలో నేరముల పుట చూచెడు సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. పరపురుషునితో సంబంధము గలదని యనుమానింపబడిన స్త్రీని గూర్చి వ్రాయవలెనన్నచో విలేఖరులకు దొరకు మొదటి మాట ఇదే. హత్యకు గుఱియైన యభాగ్యురాలిని గూర్చి వ్రాయుచును 'కులుకుచుండగా' అనెదరు. చచ్చినదానికి సమాధానము చెప్పుకొను అవకాశము లేదు. ఆ ఒక్క క్రియ చాలును, చంపినవాని తప్పు సగము చదువరి మనస్సున మాసిపోవుటకు. రాజకీయపు పుటలలో మఱొక తీరు: 'పదవులలో కులుకుచున్నారు', 'పరుల సొమ్ముతో కులుకుచున్నారు'. ఇందు కొంత హాస్యమున్నది, సహింపవచ్చును. మొదటిదానిని సహింపరాదు. పత్రికలకు ఉత్తరము వ్రాయు నలవాటు గల సోదరీమణులు ఈ విషయమై నాలుగు ముక్కలు వ్రాయుదురుగాక. తెలుగు పాలనాభాష కావలెనని పాటుపడి, 1974లో అధికారభాషాసంఘమునకు తొలి యధ్యక్షులైన వావిలాల గోపాలకృష్ణయ్యగారిది (1906–2003) ఆ సత్తెనపల్లియే. నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికయ్యు ఖద్దరుతో, చేతిసంచితో తిరిగిన యా పెద్దమనిషి కులుకెఱుగనివారు. కాని తెలుగు మాటను గౌరవముగ వాడవలెనను పట్టుదల ఎఱిగినవారు.

మాటలు దిగజాఱుటకు మఱొక ఉదాహరణము పొలములో గలదు. పార్థీనియమను కలుపుమొక్కను మనవారు 'వయ్యారిభామ' యందురు. 1955 ప్రాంతమున పూనాయందు దీనిని మొదట గుర్తించిరి. విదేశపు ధాన్యముతో దీని గింజలు వచ్చినవని చెప్పుదురు. చిన్న తెల్లని పూలతో గాలికి ఊగుచుండును గాన ఆ పేరు పెట్టిరి కాబోలు. చూపునకు సుకుమారము, తాకినచో దురదలు, దద్దురులు, కొందఱకు ఉబ్బసము సైతము. పల్నాటి ప్రత్తి, మిరప చేలలో వంగి కలుపు తీయునది స్త్రీలే గదా! పేరేమో ఆడుదానిది, దురద లంటునదియు ఆడువారి చేతులకే. ఈ మొక్కను పూత రాకమునుపే, చేతులకు తొడుగులు వేసికొని, వేరుతో పెఱికివేయవలెను. పూచిన పిదప పెఱికినచో గింజలు చల్లినట్లగును. పేరు మార్చుట మన వశమున లేదు. తొడుగులు కొనుట యున్నది.

సోదరికి మా సమాధానము చెప్పెదము. కులుకు తిట్టు గాదు. పుట్టుకచే అది వట్టి కదలిక, పెంపకముచే అందము, సంఘముచే నింద. మీ యమ్మాయికి ఈ మూడును చెప్పుడు, పదునొకండేండ్ల పిల్లకు తెలియును. అత్తగారితో వాదింపవలదు. వాదమున గెలిచినను గజ్జెలు పెట్టెలోనే యుండును. మీకు చేరువనే అమరావతి గలదు. ఒక సెలవుదినమున అత్తగారిని, పిల్లను వెంటబెట్టుకొని అచ్చటి పురావస్తు ప్రదర్శనశాలకు పొండు. 1797లో మెకంజీదొర కంటబడిన ఆ స్తూపపు శిల్పములలో పెక్కు చెన్నపట్టణమునకును, లండనునకును తరలిపోయినను, అచ్చట మిగిలినవానిలో చూడదగినవి గలవు. రెండువేల యేండ్లనాటి సున్నపురాతి పలకలపై మన ప్రాంతపు స్త్రీలు నడుము వంచి, ఒక కాలు వంచి, చేయి యెత్తి నిలిచిన నిలుకడలు సుప్రసిద్ధములు. వారు నిలిచినది బుద్ధభగవానుని స్తూపము చుట్టును. భక్తులు ప్రదక్షిణము చేయు చోట. వారిని చూచుటకు సిగ్గుపడి ఆనాటి ముసలమ్మలు కన్నులు మూసికొని ప్రదక్షిణము చేసిరని మేము తలపము. అత్తగారు శిల్పములను చూచి యేమన్నను అననిండు, మీరు మాటాడవలదు. ఇంటికి వచ్చినపిదప పిల్ల నాట్యపు అడుగులను నాయనమ్మకే చూపి, తాళము తప్పుచున్నదేమో చెప్పుమని యడుగనిండు. తాళము లెక్కపెట్టు వారికి తిట్టుటకు తీరిక యుండదు. మా యెఱుకలో ముసలివారు విధి నిషేధములకంటె పని యొప్పగించిన సంతోషింతురు.

మఱొక మాట. పిల్ల అద్దము ముందు నిలుచుటను గూర్చి మీరును కొంత సందేహముతో వ్రాసినట్లు లేఖ చివర తోచినది. నాట్యము నేర్చువారు అద్దము ముందు సాధన చేయుట విద్యలోని భాగమే. కంటి చూపు ఎచ్చట నిలిచెనో, భుజము వ్రాలెనో లేదో అద్దమే చెప్పును. దానిని సందేహింపనక్కఱలేదు.

కడపట, వ్రాతను గూర్చి ఇద్దరు ముగ్గురు సోదరీమణులు ఇంతకుమున్నే యడిగియున్నారు గాన ఇచ్చటనే చెప్పుచున్నాము. 'కులుకు' ధాతువు 'పలుకు' వలెనే నడచును. ఇకారము పరమైనపుడు నడిమి ఉకారము ఇకారమగును: పలికెను, కులికెను, పలికినది, కులికినది. వాడుకలో అకారము పరమైనచో అకారమగును: పలకదు, కులకదు, 'కులకడము' అని పలుకుటయు అట్లే వచ్చినది. గ్రంథములందు 'కులుకదు', 'కులుకుట' అని వ్రాయుదురు. రెండింటిని ఒకే వాక్యమున కలుపకున్న చాలును. 'కులుకులాడి' యనుటయందు మొదటి పదము బహువచనము గాన 'కులుకులాడి' యనియే వ్రాయవలెను, 'కులుకలాడి' తప్పు. నరసరావుపేట సోదరి యడిగిన 'బెట్టు', 'టెక్కు' లను గూర్చి వచ్చు నెల వ్రాయుదుము.